ఊడిన క్యాపుకి జిగురు మందు కాదు

ప్రశ్న: నా వయసు 38. మేము రహమత్ నగర్‌లో వుంటాం. సినిమాలకి, సీరియళ్ళకి డబ్బింగ్ చెబుతాను. నాలుగేళ్ళ క్రితం స్కూటరు మీంచి పడి పై వరసలో ముందు పన్ను పోతే ఇంప్లాంట్ వేయించుకున్నాను. రెండు నెలల క్రితం చెరుకు ముక్క కొరుకుతుంటే దాని మీది క్యాపు ఊడి చేతిలోకి వచ్చింది. మర్నాడు డబ్బింగ్ వుంది. పన్ను లేకపోతే "స", "ఫ" పలికేటప్పుడు గాలి పోతుంది. మైకు ముందు అది దాగదు. గాభరాపడి బజారులో దొరికే జిగురుతో అంటించుకున్నాను. పది రోజులకి మళ్ళీ ఊడింది. మళ్ళీ అంటించాను. ఇప్పుడు అంచున చిన్న పెచ్చు లేచింది. బ్రష్ చేస్తే చిగురు నుంచి రక్తం వస్తోంది. నొప్పి మాత్రం లేదు. అప్పుడు వేసిన డాక్టరుగారి క్లినిక్ ఎత్తేశారు. నా దగ్గర కాగితాలు లేవు. ఇంకొకరి దగ్గరకి వెళితే జిగురు సంగతి తెలిసి తిడతారనీ, మొత్తం తీసేసి మళ్ళీ మొదటినుంచి డబ్బు కట్టమంటారనీ భయంగా వుంది. నొప్పి లేదు కదా, ఇలాగే సర్దుకోవచ్చునా?

— ఒక పాఠకురాలు, రహమత్ నగర్, హైదరాబాదు

జవాబు: సర్దుకోకూడదమ్మా. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఊడిన క్యాపు కాదు, చిగురు నుంచి వస్తున్న రక్తం. క్యాపు పోతే ఇంకొకటి చేయించుకోవచ్చు. దాని కింద దవడ ఎముక కరిగిపోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. మీరు ఇన్నాళ్ళూ క్యాపును కాపాడుకుంటూ ఎముకను ప్రమాదంలో పెడుతున్నారు.

ముందు మీ నోట్లో వున్నదేమిటో తెలుసుకోండి. ఇంప్లాంట్ పన్ను అంటే సాధారణంగా మూడు భాగాలు. ఎముకలో పాతిన టైటానియం మర మొదటిది. ఇది పంటికి వేరులాంటిది. దాని మీద స్క్రూతో బిగించిన చిన్న దిమ్మ రెండోది. ఆ దిమ్మ మీద పింగాణీతోగాని, జిర్కోనియాతోగాని చేసిన క్యాపు మూడోది. క్యాపును కొందరికి సిమెంటుతో అంటిస్తారు, కొందరికి స్క్రూతో బిగిస్తారు. సైకిలుకి టైరు అరిగితే ఫ్రేము పారేయం కదా! ఇదీ అంతే. క్యాపు టైరులాంటిది, ఎముకలోని మర ఫ్రేములాంటిది.

ఆ మర ఎంతకాలం వుంటుందంటారా? టైటానియం ఎముకతో కలిసిపోతుందని 1950లలో కుందేళ్ళ మీద పరిశోధన చేస్తూ గమనించినవాడు స్వీడన్ దేశానికి చెందిన బ్రనేమార్క్. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా, అంటే సుమారు నలభై ఏళ్ళు, అవి పనిచేశాయి. అందరికీ అంతకాలం వుంటాయని చెప్పలేం. కాని చిగురు, ఎముక బాగుంటే వేరు భాగం చాలా ఏళ్ళు నిలుస్తుంది. క్యాపు ఊడినంత మాత్రాన ఇంప్లాంట్ పోయినట్టు కాదు.

ఎందుకు ఊడుతుంది?

మన సొంత పంటికీ ఎముకకీ మధ్య సన్నని నారలు మెత్తలాగ వుంటాయి. అన్నంలో చిన్న రాయి పడినా పన్ను చటుక్కున కనిపెట్టి దవడను ఆపేస్తుంది. ఇంప్లాంట్‌కి ఆ మెత్త లేదు. ఎంత బలంగా కొరుకుతున్నామో దానికి సరిగా తెలియదు. అంచేత చెరుకు, వక్క, బొమికె, గట్టి చెగోడీ వంటివి కొరికినప్పుడు ఆ దెబ్బంతా క్యాపు మీద, స్క్రూ మీద పడుతుంది. నిద్రలో పళ్ళు నూరే అలవాటు వున్నవారికి రాత్రంతా ఇదే దెబ్బ. క్యాపు ఎత్తు కాస్త ఎక్కువై, ఎదుటి పన్ను ముందుగా దానికే తగులుతున్నా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఊడినదాన్ని పెట్టించుకోవడంతో సరిపోదు. ఎందుకు ఊడిందో కూడా చూపించుకోవాలి.

జిగురు ఎందుకు పనికిరాదు?

బజారు జిగురు చెక్కకి, ప్లాస్టిక్కుకి చేసినది. గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, చిగురును కాలుస్తుంది. ఉమ్మిలో ఎక్కువ రోజులు ఆగదు. మీరు అద్దంలో చూసుకుని పెట్టిన క్యాపు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ సందులో ఆహారం, క్రిములు చేరతాయి. చిగురు వాస్తుంది, రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే చిగురు మామూలవుతుంది. అశ్రద్ధ చేస్తే వాపు ఎముక దాకా దిగి మర చుట్టూ ఎముకను తినేస్తుంది. ఇది చాలామందిలో నొప్పి లేకుండానే జరుగుతుంది. "నొప్పి లేదు కదా" అన్న మీ ధైర్యం అందుకే పనికిరాదు. ఇంకో భయం కూడా వుంది. నిద్రలో క్యాపు ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇప్పుడు ఏం చేయాలి?

ఈ వారమే దంతవైద్యుణ్ణి కలవండి. ఈలోగా ఇంకోసారి ఊడితే అంటించకండి. కడిగి చిన్న డబ్బాలో వేసి వెంట తీసుకువెళ్ళండి. ఊడకపోతే మీరు పీకకండి, స్క్రూ కనిపించినా తిప్పకండి. ఆ పంటితో ఏమీ కొరకవద్దు. మెత్తని బ్రష్‌తో శుభ్రం చేస్తూ వుండండి. రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే వాపు పెరుగుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించవచ్చు. చీము, ముఖం వాపు, జ్వరం కనిపించినా, క్యాపుతోపాటు లోపలి వేరు కదులుతున్నట్టు తోచినా వారం దాకా ఆగవద్దు. ఆ రోజే వెళ్ళండి. దిమ్మతో సహా ఊడివస్తే కూడా ఆలస్యం పనికిరాదు. కొద్ది రోజుల్లోనే చిగురు దాన్ని కప్పేస్తుంది.

జిగురు సంగతి దాచకండి. మీరు చెప్పకపోయినా డాక్టరుకి కనిపిస్తుంది. చెబితే దాన్ని జాగ్రత్తగా గీకి తీస్తారు, దిమ్మకు దెబ్బ తగలదు. మందలిస్తే ఒక మాట పడండి. పన్ను దక్కుతుంది.

డాక్టరు ఎక్స్‌రే తీసి, క్యాపు, దిమ్మ, వేరు, వీటిలో కదులుతున్నది ఏదో చూస్తారు. సిమెంటు మాత్రమే వదిలితే శుభ్రం చేసి మళ్ళీ అంటిస్తారు. స్క్రూ వదులైతే కొలతకు తగ్గ బిగువుతో బిగిస్తారు, లేదా కొత్త స్క్రూ వేస్తారు. పెచ్చు చిన్నదైతే నునుపు చేస్తారు, పెద్దదైతే కొత్త క్యాపు. స్క్రూ లోపల విరిగితే ముక్కను బయటికి తీయడానికి అనుభవం, ప్రత్యేక పనిముట్లు కావాలి. ఎముకలోని మరే కదిలినా, విరిగినా మాత్రం సాధారణంగా తీసేయక తప్పదు. మీ విషయంలో రెండు నెలలు గడిచాయి గనుక ఎక్స్‌రేలో ఎముక ఎంత వుందన్నదే అసలు ప్రశ్న.

కాగితాలు లేవన్నారు. పాత బిల్లు, ఫోనులో మిగిలిన మెసేజీలు వెతకండి. ఆ డాక్టరుగారు వేరేచోట ప్రాక్టీసు చేస్తూ వుండవచ్చు, వాకబు చేయండి. కంపెనీ పేరు, సైజు తెలిస్తే సరిపడే స్క్రూ తేలికగా దొరుకుతుంది. ఏమీ దొరక్కపోయినా అధైర్యపడకండి. ఎక్స్‌రేలో మర ఆకారాన్నిబట్టి చాలావరకు గుర్తుపట్టగలరు.

డబ్బు గురించి ఒక మాట. ఏ భాగం పాడైంది, దేనికి ఎంత అన్నది విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. "మొత్తం తీసేయాలి" అంటే ఎక్స్‌రేలో ఎందుకో చూపించమనండి. తృప్తి కలగకపోతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. అందులో మొహమాటం అక్కరలేదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి వుంది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే అక్కడికి దగ్గరే.

మీ జీవనం మాట మీద ఆధారపడింది. ఆ సంగతి డాక్టరుకి మొదటే చెప్పండి. అసలు క్యాపు వచ్చేదాకా తాత్కాలికమైన పన్ను పెట్టగలరు. పెట్టిన తరవాత కుర్చీ దిగకముందే "స", "ఫ", "త", "ద" వున్న నాలుగు మాటలు పైకి చదివి చూడండి. తేడా వుంటే అక్కడే సరిచేయించుకోండి. కొత్త క్యాపుతో కూడా ఇదే పని చేయండి.

పని పూర్తయ్యాక ఇంప్లాంట్ కంపెనీ, సైజు, తేదీ వున్న కార్డు అడిగి తీసుకోండి. రేషన్ కార్డుతోపాటు దాచుకోండి. ఏడాదికి ఒకసారైనా చూపించుకోండి. రాత్రి పళ్ళు నూరే అలవాటుంటే నైట్ గార్డు చేయించుకోండి. సిగరెట్టు, గుట్కా ఇంప్లాంట్‌కి శత్రువులు. షుగరు వుంటే అదుపులో వుంచుకోవాలి. చెరుకు తినాలనిపిస్తే రసం తాగండి!

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్ళు. భోజనం చేస్తూ ఇంప్లాంట్ మీది క్యాపు మింగేశారు. అరటిపళ్ళు తినిపిస్తున్నాం. విరేచనాల మందు వేయమంటారా?

— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వేయవద్దు. కడుపులోకి పోయిన క్యాపు సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతట అదే విరేచనంలో పడిపోతుంది. అరటిపళ్ళ వల్ల నష్టం లేదు, వాటితో పనీ లేదు. షుగరు వుంటే అవీ వద్దు. అయితే అది నిజంగా కడుపులోకే పోయిందా అన్నది తేల్చుకోవాలి. మింగామనుకున్నది ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో వుంటుంది. పెద్దవారిలో దగ్గు కూడా రాకపోవచ్చు. అంచేత ఛాతీకి, పొట్టకి ఎక్స్‌రే తీయించండి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, మింగలేకపోవడం, కడుపునొప్పి, వాంతులు, నల్లని విరేచనం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. క్యాపు దొరికినా దాన్ని ఇంట్లో మళ్ళీ నోట్లో పెట్టనివ్వకండి. కొత్తది చేయించండి, అది ఎందుకు వదులైందో కూడా అప్పుడే చూపించండి.