సహాయకుని చేతిలోని ఫోను



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పరిసర కాలనీలు నీట మునిగాయి. ఆహార పొట్లాలు, మంచినీళ్ల సీసాలు పట్టుకొని ఎందరో యువకులు ఆ నీటిలోకి దిగారు. వరద తగ్గాక బురద తొలగించడానికి పారిశుద్ధ్య కార్మికులు తరలివచ్చారు. బాధితుల క్షేమం అందరమూ అడిగాము. సహాయకుల క్షేమం ఎందరం అడిగాము?

2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్‌లో కూలిన భవనాల శిథిలాల మధ్య పనిచేసినవారిలో వేలాదిమంది ఆ దుమ్ము పీల్చి ఏళ్ల తరబడి వ్యాధిగ్రస్తులయ్యారు. ఎవరు ఎక్కడ, ఎన్ని రోజులు పనిచేశారన్న పూర్తి జాబితా లేనందున వారిని గుర్తించడమే కష్టమైంది. అందుకే పనికి ముందు, పని సమయంలో, పని ముగిసిన పిదప సహాయకుల ఆరోగ్యాన్ని గమనించే పద్ధతిని అక్కడ రూపొందించారు. ఎండ, ఉక్కల తీవ్రతను లెక్కించి జాగ్రత్తలు సూచించే ఉచిత యాప్ కూడా అక్కడి కార్మికులకు ఉంది. అయితే అది చూపే అంకె నీడకు సంబంధించినది. నేరుగా ఎండలో ఉన్నవారికి ప్రమాదం అంతకంటే అధికం.

మన దేశంలో ‘దామిని’ యాప్ సమీపంలోని పిడుగుల ముప్పును తెలుపుతుంది. ‘సచేత్’ విపత్తు హెచ్చరికలను అందిస్తుంది. ఇవి అవసరమే. కాని వరద నీటిలో కంటికి కనిపించని మరో ముప్పు ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీరు పాదం మీది చిన్న గాయానికి తగిలినా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. జ్వరం వారం తర్వాత రావచ్చు, నెలకు కూడా రావచ్చు. అప్పటికి వరద సంగతి వైద్యునికి చెప్పాలని రోగికే తోచదు. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినే ప్రమాదముంది.

కనుక ప్రతి బృందంలో ఒకరు తమ ఫోనులో సభ్యుల పేర్లు, వెళ్లిన వీధి, నీటిలో గడిపిన గంటలు, తగిలిన గాయాలు ఏ రోజుకారోజు రాసుకోవాలి. తిరిగి వచ్చాక నెల రోజులపాటు ఒక్కొక్కరినీ ఫోనులో పలకరించాలి. జ్వరం వస్తే ఆ వివరాలన్నీ వైద్యునికి చూపించాలి. ఒకరి అనారోగ్యం అమానతు వంటిది. దానిని వాట్సాప్ గ్రూపులో పెట్టరాదు. సిగ్నల్ ఉండదు కనుక తిరిగి రావలసిన సమయాన్ని ముందే నిర్ణయించుకోవాలి. బూట్లు, చేతి తొడుగులు లేనివారిని ఏ యాప్ కూడా కాపాడలేదు.

రేపు మీ అబ్బాయి సహాయానికి బయలుదేరితే ఆపకండి. బూట్లు ఉన్నాయా, అతని పేరు ఎవరి ఫోనులో నమోదైంది అని అడిగి పంపండి.