చెప్పి వెళ్ళడానికి భయమెందుకు?

మొన్న జూన్‌లో బోధన్‌లో ఒక బడి గేటు దగ్గర నిలబడి చూశాను. రెండున్నరేళ్ళ పిల్లవాడు. ఇసుకలో కారు బొమ్మ కనిపించగానే తల్లి చెయ్యి తనంతట తనే వదిలాడు. రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. అమ్మ ఉంది. మరో నాలుగడుగులు వేశాడు. సరిగ్గా అప్పుడే ఆయమ్మ తల్లికి సైగ చేసింది, "పోరాదు, చూస్తలేడు!" అని. ఆ తల్లి గబగబా గేటు దాటేసింది. పిల్లవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు. ఆ తర్వాతి ఏడుపు గురించి నేను రాయక్కర్లేదు, మీరంతా విన్నదే.

"రెండు దినాలు ఏడుస్తడమ్మా, మూడో దినం వాడే మరుస్తడు" అంది ఆయమ్మ నాతో. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకు నేర్పిన పాఠం మీదే నా కోపమంతా. పిల్లాడికి స్వతంత్రం రావాలంటే తల్లిని మరిపించాలట! చంక దిగనివాడు చవటవుతాడట!

అసలు వాడు దిగాడు కదండీ! ఎవరూ దించకుండా తనే దిగాడు. వెనక్కి తిరిగితే అమ్మ ఉంటుందన్న ధైర్యంతోనే ముందుకు పోయాడు. ఆ ధైర్యాన్ని దొంగిలించి, దానికి 'అలవాటు చెయ్యడం' అని పేరు పెట్టుకున్నాం.

మూడోనాడు ఏడుపు మానాడంటే మరిచినట్టేనా? 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో చేర్చిన రెండేళ్ళ పాప మీద ఒక సినిమా తీశాడు. ఆ పాప పెద్దగా ఏడవలేదు. ఏడవకపోతే సర్దుకున్నట్టే అనుకునేవారు అప్పటి డాక్టర్లు. ఆ బిగబట్టిన మొహాన్ని తెరమీద చూసేసరికి పెద్ద వాదనలే జరిగాయి. పోనుపోను అక్కడి ఆసుపత్రులు తల్లుల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చాయి.

మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆవిడ 1954-55లో ఉగాండా పల్లెల్లో తల్లుల్నీ పిల్లల్నీ చూస్తూ కూర్చుంది. పిల్లలు తల్లి ఒడినుంచే బయల్దేరి లోకం చూసి మళ్ళీ అక్కడికే వస్తారని రాసింది. ఇందుకు ఉగాండా దాకా పోవాలా? మన నిజామాబాద్‌లో బీడీలు చేసే ఏ ఇంటికైనా వెళ్ళండి. తల్లి ఒళ్ళో చాట. తునికాకు కత్తిరిస్తూ, పొగాకు నింపుతూ, దారం చుడుతూ ఉంటుంది. వీపుకు ఆనుకున్న పిల్ల గడపదాకా పోయి కోడిని చూస్తుంది, వచ్చి తల్లి భుజం ముట్టుకుంటుంది, ఈసారి పక్కింటి అరుగుదాకా పోతుంది. తల్లి చేతులు ఆగవు, "ఊఁ" అంటుంది, అంతే. (పొగాకు దుమ్ములో పిల్లలు పెరగాలని కాదు నేననేది. ఆ "ఊఁ" సంగతి చెబుతున్నాను.)

నేనేదో నీతిమంతురాలినని కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు నేనూ ఈ దొంగతనం చేశాను. మా అత్తగారు దానికి కాకిని చూపిస్తుంటే పెరటి గుమ్మంలోంచి జారుకునేదాన్ని. కొన్నాళ్ళకు కాకి అరిస్తే చాలు, పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకునేది. కాకి వస్తే అమ్మ పోతుందని లెక్క కట్టుకుంది పాపం! "చూశావా, ఎత్తుకుని ఎత్తుకుని పాడుచేశావు" అన్నారు అందరూ. నేనూ నమ్మాను.

"మరి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పోవద్దా?" అని మీరడుగుతారు. పోవలసిందే. చెప్పి పొండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి. అమ్మ పోతోందని తెలిసి ఏడవడం వేరు, అమ్మ మాయమైందని ఏడవడం వేరు. గడియారం వాడికి తెలియదు కనుక "బువ్వ తిని, బొజ్జుని లేచాక వస్తా" అనండి. అన్నాక, వాడు లేచేసరికి రండి.

బడులవాళ్ళకూ ఒక మాట. 1975లో మొదలైన అంగన్‌వాడీలే ఆటపాటల చదువుకు మూడేళ్ళు నిండినవాళ్ళను పిలుస్తాయి. 2020 విద్యా విధానం కూడా లెక్క మూడేళ్ళనుంచే మొదలుపెట్టింది. మీకెందుకండీ అంత తొందర? చేర్చుకున్నారే అనుకోండి, ఆ గేటు లోపల ఒక బల్ల వేసి వారంరోజులు తల్లిని కూర్చోనిస్తే మీ సొమ్మేం పోయింది?

వారం తర్వాత మళ్ళీ అటు వెళ్ళాను. ఆ పిల్లవాడు తల్లి కొంగు రెండు పిడికిళ్ళతో పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. కారు బొమ్మ ఇసుకలోనే ఉంది. వాడు దానివంక చూడనుకూడా లేదు.