వాల్వు మార్చిన గుండెకు జ్వరం వస్తే

గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు అరుదేమీ కాదు. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్లనొప్పులుగా కనిపించి, చడీచప్పుడు లేకుండా వాల్వులను పాడుచేసే రుమాటిక్ జ్వరం వీరిలో చాలామందిని ముప్పై, నలభై ఏళ్లకే ఆపరేషన్ బల్ల మీదికి చేర్చింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ దేశీయంగా తయారుచేసిన వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. విదేశీ వాల్వుల ధర భరించలేనివారికి అది దారి చూపింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలినాలి చేసుకునే కుటుంబాలకూ ఈ శస్త్రచికిత్స అందింది. ఇది మనం గర్వపడాల్సిన విజయం. అయితే కుట్లు విప్పి ఇంటికి పంపాక ఆ మనిషి ఏమవుతున్నాడో పట్టించుకునే సరైన ఏర్పాటు మాత్రం మన దగ్గర లేదు.

కృత్రిమ వాల్వుకు ఇన్ఫెక్షన్ సోకే అవకాశం ఏడాదికి నూటికి ఒకరికి అటూఇటూగా ఉంటుంది. వినడానికి తక్కువే. సోకిందంటే మాత్రం ఆస్పత్రిలో చేరినవారిలోనూ కనీసం ఐదుగురిలో ఒకరు దక్కడం లేదు. చిగుళ్ల నుంచో, చర్మం మీది పుండు నుంచో, చేతికి పెట్టిన సెలైన్ సూది నుంచో రక్తంలోకి చేరిన సూక్ష్మజీవి ఆ లోహానికి, దాన్ని కుట్టిన గుడ్డ అంచుకు అతుక్కుంటుంది. అక్కడ మందు సరిగా చొరబడని పొర కప్పుకుంటుంది. దాని చుట్టూ రక్తకణాలు, ఫైబ్రిన్ పేరుకుని మెత్తటి ముద్దలవుతాయి.

ఆ ముద్దలో చిన్న ముక్క విరిగితే రక్తం ఎటు తోస్తే అటు పోతుంది. ఎక్కువగా మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది. కొందరిలో గుండెకే రక్తాన్నిచ్చే కరోనరీ ధమనిలో ఇరుక్కుంటుంది. అప్పుడు వచ్చేది గుండెపోటే. ఇంకో దారీ ఉంది. బృహద్ధమని వాల్వు చుట్టూ చీము గూడు కడితే, సరిగ్గా ఆ పైనే మొదలయ్యే కరోనరీ ధమని దాని ఒత్తిడికి నొక్కుకుపోతుంది. ఇలాంటి గుండెపోటు వాల్వు ఇన్ఫెక్షన్ రోగుల్లో నూటికి ఒకరిద్దరిలోనే కనిపిస్తుంది. కానీ ఈసీజీలో అది మామూలు గుండెపోటులాగే ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే.

మామూలు గుండెపోటులో మొదటి గంట బంగారంలాంటిది. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఏరియా ఆస్పత్రుల దాకా రావడం ఎన్నో ప్రాణాలు నిలిపే మంచి మార్పు. దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఇన్ఫెక్షన్ ముక్క వల్ల వచ్చిన గుండెపోటులో మాత్రం అదే ఇంజెక్షన్ ప్రాణం తీయగలదు. అప్పటికే మెదడు రక్తనాళాల్లో చేరిన ఇన్ఫెక్షన్ వాటి గోడలను పల్చబరిచి ఉంటుంది. అవి చిట్లి మెదడులో రక్తస్రావమవుతుంది. పైగా లోహపు వాల్వు ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా రోజూ ఏసిట్రోమ్ లాంటి మాత్ర వేసుకుంటారు. ఆ రెండూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. స్టెంట్ సంగతీ అంతే. ఇన్ఫెక్షన్ ఉన్నచోట మరో లోహాన్ని వదిలి రావడం కొత్త చిక్కు. అందుకే వీలైతే ఆ ముక్కను గొట్టంతో పీల్చి బయటికి తీసి, అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పరీక్షకు పంపడం మేలు. మరోవైపు, మాత్రలు సరిగా వేసుకోక వాల్వు మీద ఇన్ఫెక్షన్ లేని గడ్డ కట్టి అది బిగుసుకుపోతే, ఈ కరిగించే మందులే చాలామందిని కాపాడతాయి. కాబట్టి 'వాల్వు ఉందా' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. 'కొన్నాళ్లుగా జ్వరం వస్తోందా' అనీ అడగాలి. క్యాజువాలిటీలో ఆ రెండో ప్రశ్నకు పట్టేది అరనిమిషం.

నిజానికి గుండెపోటు దాకా రాకముందే ఈ జబ్బు మన చేతికి దొరుకుతుంది, జ్వరం రూపంలో. దాన్ని మనమే జారవిడుస్తున్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది, చెమటలు, ఆకలి ఉండదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే టైఫాయిడ్ అనో, వైరల్ అనో మూడు రోజుల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. జ్వరం తగ్గుతుంది, వారానికి మళ్లీ వస్తుంది. ఇంకో కోర్సు. పెద్దాస్పత్రికి చేరేసరికి, ఆ ఇంజెక్షన్ల వల్ల, రక్తాన్ని ల్యాబ్‌లో ఉంచి చూసే పరీక్షలో (కల్చర్) సూక్ష్మజీవి పెరగదు, ఏ మందు వాడాలో తెలియదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే వేర్వేరు చోట్ల సూది గుచ్చి మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కు పంపడం ఈ రోగుల విషయంలో తప్పనిసరి. ఛాతీ మీద పెట్టి చేసే ఎకోలో ఏమీ కనపడలేదని ధీమాగా ఉండటానికీ లేదు. లోహపు నీడలో ముద్దలు దాక్కుంటాయి. ఆహారనాళంలోకి గొట్టం పంపి చేసే ఎకోలోనే అవి బయటపడతాయి. చికిత్స కూడా మూడు రోజుల్లో అయ్యేది కాదు. రక్తనాళంలోకి కనీసం ఆరు వారాలు మందు ఎక్కించాలి, చాలాసార్లు మళ్లీ ఆపరేషన్ చేయాలి.

ఇంకో అపోహ. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నాం కదా, ఇక ఏ ఇన్ఫెక్షనూ రాదని చాలామంది నమ్ముతారు. అది రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా ఆపేది మాత్రమే. పన్ను పీకించుకునేటప్పుడు వాల్వు రోగికి వేరే జాగ్రత్త కావాలి. దీనిమీద వైద్య ప్రపంచంలో వాదాలు నడిచాయి. 2007లో అమెరికా గుండె వైద్యులు ముందస్తు యాంటీబయాటిక్‌ను ఎక్కువ ముప్పు ఉన్నవారికే పరిమితం చేశారు. మరుసటి ఏడాది బ్రిటన్ ఎవరికీ అక్కర్లేదంది, 2016లో ఆ మాటను కాస్త సడలించింది. అమెరికా జాబితాలోనూ కృత్రిమ వాల్వు ఉన్నవారు ముందువరసలోనే ఉన్నారు. పడనివారికి తప్ప, గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ ఇవ్వడం కష్టమూ కాదు, ఖరీదూ కాదు. పళ్ల డాక్టరుకు వాల్వు సంగతి తెలియాలి, అంతే.

ప్రభుత్వాలు చేయాల్సింది ఖజానా ఖాళీ చేసే పనేం కాదు. ఎవరికి ఏ ఏడాది, ఏ ఆస్పత్రిలో వాల్వు వేశారో ఆరోగ్యశ్రీ రికార్డుల్లో ఉంది. ఆ జాబితాను ఊరివారీగా విడదీసి పీహెచ్‌సీ డాక్టరుకు, ఏఎన్‌ఎంకు ఇవ్వాలి. ప్రతి రోగి జేబులో తెలుగులో రాసిన కార్డు ఉండాలి: ఏ వాల్వు, ఏ మాత్ర, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, జ్వరమొస్తే రక్తం తీయకముందు యాంటీబయాటిక్ ఇవ్వొద్దన్న హెచ్చరిక. ఏరియా ఆస్పత్రుల్లో బ్లడ్ కల్చర్ సీసాలు, వాటిని జిల్లా ల్యాబ్‌కు చేర్చే మనిషి ఉండాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ముందు నర్సు నింపే ఫారంలో వాల్వు గురించి, జ్వరం గురించి రెండు గడులు చేర్చాలి. ఆ రెండు గడుల్లోనూ టిక్ పడితే ఇంజెక్షన్ ఆపి ముందు గుండె నిపుణుడికి ఫోన్ చేయాలన్న నిబంధన రావాలి.