సముద్రతీరమున విహారమా? వ్యాపారమా?

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు దారిని పయనించినవారికి ఆంధ్రదేశమున ఇంతకంటె సుందరమైన తీరము వేరొకటి లేదని తోచకమానదు. ఒకవంక కొండలు, ఒకవంక కడలి, నడుమ తాటితోపులు, జాలరుల పేటలు. ఇట్టిచోట విహారగృహములు, అనగా నేటివారు రిసార్టులని పిలుచునవి, కట్టవలెనని ప్రభుత్వమువారును ధనవంతులును ఉబలాటపడుచుండుటలో వింత లేదు. కట్టరాదని మేమనుటలేదు. యాత్రికులు రావలయును, వారివలన ఇచ్చటి కుటుంబములు నాలుగు మెతుకులు తినవలయును. కాని యేమి కట్టుచున్నారు, ఎవరిని త్రోసి కట్టుచున్నారు అని అడుగుటకు పౌరులకు హక్కు గలదు.

నేడు ప్రతి విహారగృహపు ప్రకటనలోను 'స్థానిక సంస్కృతి' యను మాట తప్పక యుండును. లోపలికి పోయి చూడుడు! నున్నని గాజుగోడలు, పరదేశపు పచ్చిక, చావడిలో ఒక యేటికొప్పాక బొమ్మ, రాత్రి అతిథులు భుజించుచుండగా ఒక మూలను తప్పెటగుళ్లు. బొమ్మను మార్చినచో ఆ భవనము మలయాలోనైనను మాల్దీవులలోనైనను చక్కగా ఇమిడిపోవును. దీనికి సంస్కృతియని పేరా?

సముద్రమున కెదురుగా విహారము కట్టుట తెలుగునేలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. రెండువేల యేండ్లకు పూర్వమే బౌద్ధభిక్షువులు ఈ దారిలోనే తొట్లకొండపైనను, బావికొండపైనను, భీమిలి చెంత పావురాలకొండపైనను విహారములు నిర్మించుకొనిరి. అసలు విహారమను మాటయే వారిది. వారు కొండరాతిలో తొట్లు తొలిచి వాననీరు పట్టుకొనిరి. ఆ తొట్లే కొండకు పేరైనవి. మరి నేటి విహారగృహమో? ఈతకొలనునకును పచ్చికకును గొట్టపుబావులతో నీరు లాగును. తీరమున మంచినీరు ఇసుకక్రింద ఉప్పునీటిపై పలుచని పొరగా తేలియుండును. మితిమీరి తోడినచో ఉప్పునీరు పైకి వచ్చును. అప్పుడు విహారగృహమునకు టాంకరు వచ్చును. పేటలోని ఆడువారు బిందెలతో నిలుచుందురు.

ఉత్తరాంధ్రపు చుట్టిల్లు చూచిన భవనశిల్పులెందరు? గుండ్రని మట్టిగోడ, నేలను తాకుచున్నదా యనునంతగా దిగిన తాటాకు కప్పు. గాలికి అడ్డుపడు మూలయే లేదు గనుక తుపాను దానిని ఇరుప్రక్కలుగా దాటిపోవును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అద్దాల మేడలకు పట్టిన గతి పట్టణవాసులు మరువలేదు. కోటీశ్వరుల అతిథులకు గుడిసెలు వేయుడని మేము కోరుటలేదు. ఆ కట్టుబడిలోని బుద్ధిని గ్రహింపుడని కోరుచున్నాము. సింహళమున జెఫ్రీ బావా అను శిల్పి 1960 దశకమున బెంటోటా తీరమున కట్టిన హోటలును చూడుడు. రాతికట్టు, కొయ్యపని, నడుమ ముంగిలి, అందు కొలను, దేవగన్నేరు చెట్లు. చావడి కప్పుక్రింద ఆ దేశపు కళాకారిణి ఎనా ద సిల్వా బాతిక్ వస్త్రములు. అచ్చట కళ గోడకు తగిలించినది కాదు, కట్టడములో పుట్టినది. 1994లో కందలమ వద్ద అతడే కట్టిన మరియొక హోటలు కొండను త్రవ్విపోయలేదు. కొండ వంపును అనుసరించి తానే వంగినది.

మనవారేమి చేసిరి? ఋషికొండపై పర్యాటకశాఖవారి హరిత విహారగృహములు ఉండెడివి. 2021లో వానిని పడగొట్టి, కొండను తొలిచి, నాలుగువందల కోట్ల రూపాయలకు పైబడిన ప్రజాధనముతో మేడలు లేపిరి. ఎంత త్రవ్వవచ్చును, ఎచ్చట ఆగవలెను అని చెప్పుటకు న్యాయస్థానములు కల్పించుకొనవలసివచ్చినది. మేడలకు రంగులు మార్చవచ్చును, పేర్లు మార్చవచ్చును. పోయిన కొండను ఏ మంత్రివర్గము తిరిగి తెచ్చును? ఈ దారిలోనే ఎర్రమట్టిదిబ్బలున్నవి. గాలియు సముద్రమును వేలయేండ్లు పాటుపడి పోసినవి. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో వానికి చోటు దొరకినది. ఈ వార్తకు మేమెంత సంతసించితిమో అంత భయపడితిమి. పేరు వచ్చిన చోటికి స్థలము కొలుచు గొలుసులును వచ్చును గదా!

తాబేళ్ల మాటయు చెప్పవలెను. చలికాలపు చివరినుండి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ ఇసుకలో గుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు కడలిపై తేలు వెలుతురును చూచి నడచును. ఒడ్డున విద్యుద్దీపములు వెలిగినచో అటు మరలి నశించును. దీపములను నేలకు వంచి, కడలివైపు మరుగు పెట్టుటకు ఎంత ఖర్చగును?

ఇక జాలరులు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చినవి. గ్రామతీరమున పోటుగీతనుండి 200 మీటర్లలోపల క్రొత్త కట్టడములు కూడదని అందు కలదు. 2019లో చదరపు కిలోమీటరునకు 2161 మందికి మించి జనమున్న గ్రామములలో ఆ దూరమును 50 మీటర్లకు కుదించిరి. ఆ ఇసుకపైననే తెప్ప లాగవలెను, వల ఆరవేయవలెను, చేప ఎండబెట్టవలెను. అలివివల లాగుటకు ఒడ్డు పొడవునను ఖాళీ కావలెను. ఎండుచేపల వాసన అతిథులకు గిట్టదని మొదట ముక్కు మూసుకొందురు, తరువాత కంచె వేయుదురు. కేరళమున వేంబనాడు కాయలులోని నెడియతురుత్తు ద్వీపమున ఇట్లే విహారగృహములు లేచెను. వానిపై వ్యాజ్యమాడినవారిలో వలల జాలరులున్నారు. పడగొట్టవలసినదని సుప్రీంకోర్టు 2020లో తీర్పునిచ్చినది. మన పెట్టుబడిదారులు ఆ తీర్పును ఒకసారి చదివించుకొనుట మేలు.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, వేట నిషేధము. పేటలలో పొయ్యి రాజుటయే కష్టమగు కాలమది. స్థానిక సంస్కృతిపై నిజముగ ప్రేమగలవారు ఆ దినములలో పేటవారికి పని చూపవలెను; తక్కిన దినములలో వంటశాలకు చేపలు వారి బుట్టలనుండియే కొనవలెను. ఏ విహారగృహమునకైనను అనుమతి నిచ్చుటకు ముందు దాని పటమును తెలుగున వివరించి, కట్టబోవు శిల్పినే తోడ్కొనివచ్చి, ఆ పేటలోనే సభ జరుపవలెనని జిల్లా అధికారులను కోరుచున్నాము. ఆ సభను తెల్లవారుజామున పెట్టకుందురు గాక. అప్పుడు తెప్పలన్నియు వేటలో నుండును.