ఇంట్లో పహాడ్ ఎవరు?

అల్లామా ఇక్బాల్ రాసిన పహాడ్-గిలహ్రీ నజ్మ్ ఉర్దూ చదువుకున్న ఇళ్లలో చాలామందికి తెలుసు. ఘమండ్‌తో ఉన్న పహాడ్ చిన్న ఉడతను ఎగతాళి చేస్తుంది. నువ్వు పెద్దదానివే, కాదనను, మరి ఈ ఛాలియా కొరికి చూపించు అంటుంది ఉడత. వెంటనే ఉస్తాద్ ‘సబక్ ఏమిటి?’ అంటారు. ‘ఎవరినీ చిన్నచూపు చూడకూడదు’ అని బచ్చేలంతా ఒకే గొంతుతో చెబుతారు. బెల్లు మోగుతుంది. తాలీమ్ అంటే ఇంతేనా?

అసలీ కిస్సా అమెరికా షాయర్ ఎమర్సన్‌ది. ఇక్బాల్ దాన్ని ఉర్దూలోకి తెచ్చారు. 1924లో వచ్చిన ‘బాంగె దరా’లో ఉంది. ఎమర్సన్ ఉడత కొరికేది ఏదో గింజ. ఇక్బాల్ చేతిలో అది ఛాలియా అయింది, అంటే మన దాదీల పాన్‌దాన్‌లోని వక్క. అదే కిస్సా, ఇంకో ఆంగన్ నుంచి చూశారు. నజరియా అంటే అదే.

శంషాబాద్ దగ్గరి పాల్మాకులలో నాకొక క్లాసు ఇస్తే, ఈ నజ్మ్ చెప్పి పిల్లల్ని బయటికి తీసుకెళ్తాను. పైన విమానం పిట్టంత కనిపిస్తుంది. అందులో కూర్చున్నవాళ్లకు మన ఊరు అగ్గిపెట్టెంత. ఇద్దరిలో చిన్న ఎవరు? 2008లో మొదలైన ఆ ఎయిర్‌పోర్టు దాదాపు 5,500 ఎకరాలు. హజ్‌కు వెళ్లేవారికి అది దువాల దర్వాజా. గల్ఫ్‌కు బేటాను సాగనంపిన అమ్మీకి కన్నీళ్ల జాగా. అక్కడ పొలం పోయిన రైతుకు తన జమీన్. ఏది ఝూట్? ఏదీ కాదు.

అలాగని పహాడ్ ఘమండ్ సరైనదని కాదు. అవతలివారి మాట వినడం వేరు, ఫైసలా చెప్పడం వేరు. కానీ వినకుండా చేసిన ఫైసలాలో ఇన్సాఫ్ ఉండదు. అందుకే పిల్లలతో పహాడ్ తరఫున కూడా నాలుగు ముక్కలు రాయించాలి.

ఇక మన ఇళ్ల సంగతి. క్లాసులో అందరం ఉడత పక్షమే. ఇంటికొచ్చేసరికి మనమే పహాడ్ అవుతాం. టెన్త్ పాసైన బేటీ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంటుంది. అబ్బాకు ఫికర్. ఆ ఫికర్ ఝూట్ కాదు, ఆమె ఖ్వాబ్ కూడా ఝూట్ కాదు. అబ్బా ఫికర్ ఇల్లంతా వినిపిస్తుంది. బేటీ మాట వంటింటి గడప దాటదు.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నప్పుడు ఒక్కసారి మారి చూడండి. బేటీ అబ్బాలా మాట్లాడాలి, అబ్బా బేటీలా మాట్లాడాలి. ఫైసలా ఆ తర్వాతే.