ల్యాప్‌టాప్‌లో ఓకే... ఫ్యాక్టరీలో ఎర్రర్!

ప్రోగ్రామింగ్ అనగానే మనకు మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల బిల్డింగులే గుర్తొస్తాయి. ఒకసారి బీహెచ్ఈఎల్ దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి వైపు వెళ్లండి. పాశమైలారం, బొల్లారం ఎస్టేట్ల లోపలికి తిరగండి. గేటు దగ్గరో, స్టోర్‌లోనో, ధర్మకాంటా క్యాబిన్‌లోనో దుమ్ము పట్టిన ఒక సీపీయూ ఉంటుంది. అందులో విండోస్, దాని మీద ఎవరో రాసిన ఓ చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రాం. ఇలాంటివి రాసేది చాలాసార్లు పెద్ద కంపెనీలు కాదు. వీబీ డాట్‌నెట్టో, సి షార్పో నేర్చుకుని సొంతంగా పని మొదలుపెట్టిన మీలాంటి వాళ్లే.

ఈ ప్రోగ్రాములకు ఇప్పుడు గడ్డుకాలం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత పీసీలు పోయి విండోస్ 11 పీసీలు వస్తున్నాయి. ఏళ్లుగా నడిచిన ప్రోగ్రాం కొత్త పీసీలో వేయగానే మొరాయిస్తుంది. ఫోన్ వస్తుంది. మనం చెప్పే మొదటి మాట ఏంటి? ‘నా దగ్గర నడుస్తోంది కదా సార్!’

నిజమే, నడుస్తుంది. మన ల్యాప్‌టాప్‌కీ అక్కడి పీసీకీ తేడా ఎక్కడుందో పట్టుకోవడమే అసలు పని. ఈ వారం ఒక కాంటా ప్రోగ్రాంనే తీసుకుని ఆ తేడాలు ఒక్కొక్కటీ చూద్దాం. కాంటానే ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే పోయేది డబ్బు. లోడు రేటు, లారీ కిరాయి, సరుకు బిల్లు... అన్నీ ఆ చీటీ మీదే నడుస్తాయి.

పోర్ట్ దొరకడం లేదా?

కాంటా కింద సెన్సర్లు ఉంటాయి. క్యాబిన్‌లో ఉండే ఇండికేటర్ డబ్బా వాటి నుంచి బరువు తీసుకుని సీరియల్ కేబుల్ ద్వారా పీసీకి పంపుతుంది. కొత్త పీసీల్లో సీరియల్ పోర్ట్ చాలా వరకు ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. చిక్కు అక్కడే మొదలు.

‘పోర్ట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని వస్తే ఆ నంబరు పోర్టే పీసీలో లేదని అర్థం. ఊడ్చేటప్పుడు ఎవరో కన్వర్టర్ పీకి పక్క యూఎస్‌బీలో పెడితే చాలు, కామ్3 కాస్తా కామ్5 అయిపోవచ్చు. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ అనే చోట చూస్తే అసలు నంబరు తెలుస్తుంది. అందుకే పోర్ట్ నంబరును కోడ్‌లో పాతిపెట్టకండి. ఉన్న పోర్టుల జాబితా చూపించి, ఆపరేటరే ఎంచుకునేలా సెట్టింగ్స్‌లో పెట్టండి.

‘యాక్సెస్ డినైడ్’ అని వస్తే కథ వేరు. పోర్ట్ ఉంది, కానీ ఇంకెవరో పట్టుకుని కూర్చున్నారు. చాలాసార్లు ఆ ఇంకెవరో మన ప్రోగ్రామే! విండో మూసినా వెనకాల బతికే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో చూసి ఆపేయండి. ఆ తర్వాత అసలు అది ఎందుకు మూతపడలేదో వెతకండి.

డేటా వస్తోంది కానీ పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయా? బాడ్ రేట్, డేటా బిట్స్, పారిటీ ఇండికేటర్‌లో ఎలా ఉన్నాయో ప్రోగ్రాంలోనూ అలాగే ఉండాలి. ఊహించకండి, ఇండికేటర్ మాన్యువల్ అడిగి తీసుకోండి.

సగం అంకెలు... మొత్తం నష్టం

పైన చెప్పినవన్నీ అరిచి చెప్పే తప్పులు. అరవకుండా ముంచేవి వేరే ఉన్నాయి. ఇది అలాంటిదే.

సీరియల్ కేబుల్‌లో బరువు మొత్తం ఒకేసారి రావాలని రూలేం లేదు. 9840 అనే అంకె 984 ఒకసారి, 0 ఇంకోసారి రావచ్చు. డేటా రిసీవ్డ్ ఈవెంట్ రాగానే ఉన్నంత చదివేసి ‘ఇదే బరువు’ అనుకునే కోడ్ చాలామంది రాస్తారు. మన టేబుల్ మీద పదిసార్లు పరీక్షిస్తే పదిసార్లూ కరెక్టుగానే వస్తుంది. పీసీ బిజీగా ఉన్న రోజు తేలుతుంది లెక్క.

చూడండి. లోడుతో లారీ 24,560 కిలోలు, ఖాళీ లారీ 9,840 కిలోలు. సరుకు 14,720 కిలోలు. ఖాళీ బరువును ప్రోగ్రాం 984గా చదివితే సరుకు 23,576 కిలోలు అవుతుంది. దాదాపు 9 టన్నులు గాల్లోంచి పుట్టింది! ఎర్రర్ లేదు, బీప్ లేదు, చీటీ మాత్రం నీట్‌గా ప్రింటైంది.

దీనికి మందు మూడు గోళీలు. ఒకటి, వచ్చిన అక్షరాలను ఒకచోట పోగేసి, ఇండికేటర్ పంపే ముగింపు గుర్తు వచ్చాకే చదవండి. రెండు, బరువు నిలకడగా ఉన్నప్పుడే సేవ్ బటన్ పని చేయాలి. మూడు, హద్దులు పెట్టండి. ఖాళీ లారీ 984 కిలోలు ఉండదని మనకు తెలుసు, ప్రోగ్రాంకు మనమే చెప్పాలి.

ఫ్యూజ్ బదులు లావు తీగ

‘క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్’. విండోస్ ఫామ్స్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఎర్రర్ ఇది. కారణం సింపుల్. స్క్రీన్ మీది బాక్సులను, వాటిని తయారు చేసిన థ్రెడ్ మాత్రమే ముట్టుకోవాలి. సీరియల్ డేటా వచ్చేది వేరే థ్రెడ్‌లో. అక్కడి నుంచి నేరుగా టెక్స్ట్ బాక్స్‌లో రాయబోతే విండోస్ ఫామ్స్ అడ్డుకుంటుంది. బిగిన్ ఇన్‌వోక్ ద్వారా ఆ పనిని స్క్రీన్ థ్రెడ్‌కి అప్పజెప్పాలి.

కానీ ఇంటర్నెట్‌లో ఒక షార్ట్‌కట్ తిరుగుతుంటుంది. చెక్ ఫర్ ఇల్లీగల్ క్రాస్ థ్రెడ్ కాల్స్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేసేయమని. ఫ్యూజ్ మాటిమాటికీ ఎగిరిపోతోందని దాని జాగాలో లావు తీగ చుట్టినట్టుంటుంది ఇది. బల్బు వెలుగుతుంది, ఇల్లే డౌటు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ తనిఖీ మామూలుగా డీబగ్గర్ తగిలించి ఉన్నప్పుడే జరుగుతుంది. ఫ్యాక్టరీలో డీబగ్గర్ ఉండదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు. దాని బదులు ఎప్పుడో ఒకసారి స్క్రీన్ బిగుసుకుపోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. అంటే మీ ల్యాప్‌టాప్‌లో కనబడిన ఆ ఎర్రర్ మీకు దొరికిన ఆఖరి హెచ్చరిక అన్నమాట.

‘నాట్ రెస్పాండింగ్’ కూడా ఈ కుటుంబమే. ఒక విండో 5 సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకుంటే విండోస్ దాని మీద ఈ ముద్ర వేస్తుంది. నెల రిపోర్టు తీయడం లాంటి బరువు పనిని స్క్రీన్ థ్రెడ్‌లోనే పెడితే ఇదే జరుగుతుంది. బయట లారీలు హారన్ కొడుతుంటే ఆపరేటర్ ఊరుకుంటాడా? నాలుగుసార్లు క్లిక్ చేస్తాడు. ప్రోగ్రాం తేరుకున్నాక నాలుగు చీటీలు వస్తాయి. బరువు పనులకు అసింక్, అవెయిట్ వాడండి. సేవ్ నొక్కగానే ఆ బటన్‌ను పని అయ్యేదాకా డిజేబుల్ చేయండి.

32తో 64 కలవదు

పాత కాంటా ప్రోగ్రాముల్లో డేటాబేస్‌గా యాక్సెస్ బాగా కనిపిస్తుంది. కొత్త పీసీలో వేయగానే ‘ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్’ అంటుంది. యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ వేసి ఉండకపోవచ్చు. వేసి ఉన్నా రాకపోతే బిట్‌ల తేడా చూడండి. 32 బిట్ ప్రోగ్రాం 64 బిట్ ఇంజిన్‌ను లోడ్ చేసుకోలేదు, అటు నుంచి ఇటు కూడా అంతే. విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు. కొత్త ఆఫీస్ కూడా మామూలుగా 64 బిట్‌గానే ఎక్కుతుంది. మన ప్రోగ్రాం మాత్రం పాత 32 బిట్. విజువల్ స్టూడియోలో ప్లాట్‌ఫామ్ టార్గెట్ చూసి, ప్రోగ్రామూ ఇంజినూ ఒకే రకం ఉండేలా బిల్డ్ చేయండి. ‘ఇన్‌కరెక్ట్ ఫార్మాట్’ అనే ఎర్రర్‌కు కూడా చాలాసార్లు జబ్బు ఇదే.

ఏదో డీఎల్ఎల్ ఫైలు లేదంటే దాని పేరు గూగుల్‌లో కొట్టి, దొరికిన సైటు నుంచి దింపేయకండి. వైరస్‌ను చేజేతులా ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లినట్టే. వీసీ రన్‌టైమ్ 140 లాంటి పేరు కనిపిస్తే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేస్తే సరిపోతుంది.

పగటి షిఫ్టు లెక్కలు రాత్రి షిఫ్టుకు కనిపించవు!

వినడానికి దయ్యం కథలా ఉంటుంది కానీ దీని వెనక చక్కటి కారణం ఉంది. విండోస్ విస్టా నుంచి మామూలు యూజర్లు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడం కుదరదు. వీబీ 6 లాంటి పాత ప్రోగ్రాములు పడిపోకుండా విండోస్ ఒక సర్దుబాటు చేసింది. అక్కడ రాయబోయిన ఫైలును గుట్టుగా ఆ యూజర్ సొంత వర్చువల్ స్టోర్ ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. పగలు ఒక లాగిన్, రాత్రి ఇంకో లాగిన్ వాడితే ఎవరి డేటాబేస్ వాళ్లదే! ఎవరూ ఏదీ డిలీట్ చేయలేదు, అయినా సగం ఎంట్రీలు మాయం.

డేటా ఫైలును ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్‌లో పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే దానికి అందరు యూజర్లూ రాసేలా పర్మిషన్ ఇవ్వండి. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ కొట్టేసి చేతులు దులుపుకోవడం మందు కాదు, నొప్పి తెలియకుండా సూది వేయడం.

13వ తేదీ పరీక్ష

కొత్త పీసీలో రీజియన్ అమెరికాదిగా ఉండిపోతే తేదీ నెలతో మొదలవుతుంది. అప్పుడు 05/06/2025 అని టైప్ చేస్తే, మనకు జూన్ 5, దానికి మే 6. ఎర్రర్ రాదు. 12వ తేదీ దాకా అంతా హాయిగా నడుస్తుంది. 13 రాగానే 13వ నెల ఎక్కడుందని పడిపోతుంది. ఫోన్ వచ్చేది ఆ రోజు. కానీ అప్పటికే 12 రోజుల ఎంట్రీల్లో తేదీలు తారుమారై ఉంటాయి. నెలాఖరు లెక్క కుదరదు.

యాక్సెస్ ఇంకా గడుసుది. క్వెరీలో హ్యాష్ గుర్తుల మధ్య తేదీ రాస్తే పీసీ సెట్టింగ్ ఏదైనా సరే ముందు నెలగానే చదువుతుంది. 13 వస్తే మాత్రం దానంతట అదే తేదీగా సర్దుకుంటుంది. పడిపోవడం కూడా ఉండదు! అందుకే తేదీని అక్షరాలుగా క్వెరీలో అతికించకండి, పారామీటర్‌గా పంపండి. అక్షరాలుగా దాచక తప్పదంటే సంవత్సరం, నెల, తేదీ వరుసలో రాయండి. ప్రోగ్రాం ఇచ్చే ముందు 12వ తేదీతో ఒకసారి, 13వ తేదీతో ఒకసారి ఎంట్రీ చేసి రిపోర్టు తీసి చూడండి. రెండు నిమిషాల పని.

మన చుట్టుపక్కల ఫార్మా యూనిట్లకు ఇది ఇంకా సీరియస్. అమెరికాకు మందులు పంపే ప్లాంట్లకు ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అక్కడి ఎఫ్‌డీఏ రూల్, పార్ట్ 11, 1997 నుంచే ఉంది. రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో ఆనవాలు ఉండాలి. తేదీయే తప్పయితే ఆ ఆనవాలుకు విలువేముంది?

నోరు నొక్కకండి

వీటన్నిటికన్నా పెద్ద తప్పు ఒకటుంది. ట్రై రాసి, క్యాచ్‌ను ఖాళీగా వదిలేయడం. వీబీ 6లో అయితే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. ఎర్రర్ బాక్స్ వస్తే కస్టమర్ తిడతాడని భయం. కానీ పడిపోయిన ప్రోగ్రాం వల్ల ఒక లారీ అరగంట ఆగుతుంది, అంతే. ఎర్రర్ మింగేసి నడిచిన ప్రోగ్రాం వల్ల తప్పు చీటీలు నెలల తరబడి బయటికి పోతాయి. అప్పుడు మాట పడేది ఎవరు? ముందు కాంటా ఆపరేటర్, తర్వాత డ్రైవర్. దొంగలెక్క రాశారని ఒకరి మీద ఒకరు పడతారు. కోడ్ రాసిన మనం సీన్‌లోనే ఉండం.

ప్రతి క్యాచ్‌లో తేదీ, టైము, పూర్తి ఎర్రర్ ఒక లాగ్ ఫైలులోకి రాయండి. లాగ్ లేని పాత ప్రోగ్రాం అయితే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ చూడండి. డాట్‌నెట్ రన్‌టైమ్ పేరుతో ఎర్రర్ ఉంటే ప్రోగ్రాం ఎక్కడ పడిందో అందులో చాలా వరకు దొరుకుతుంది.

ఈసారి ఫోన్ వస్తే బండి తీసే ముందు నాలుగే అడగండి:

• ఎర్రర్ ఫొటో తీసి వాట్సాప్ చేస్తారా? మొత్తం కనిపించేలా.

• నిన్న నడిచిందా? నడిస్తే ఆ తర్వాత ఏం మారింది? పీసీయా, కేబులా, లాగిన్ యూజరా, విండోస్ అప్‌డేటా?

• ఒక్క పీసీలోనేనా, అన్నింటిలోనా?

• ప్రతిసారీ వస్తుందా, అప్పుడప్పుడా?

అక్కడికెళ్లాక ముందు డేటాబేస్ కాపీ తీసి పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. ఐదు ఒకేసారి మార్చి ప్రోగ్రాం లేచి కూర్చుంటే, ఏది మందో మీకే తెలియదు. వచ్చే నెల మళ్లీ అదే ఫోన్ వస్తుంది.