ఆగడానికి చోటుందా?

డ్రాగ్ రేసింగ్‌లో ప్రతి మరణం తర్వాత యంత్రాన్నీ, రేసు దారినీ మార్చారు. మన రోడ్ల మీద మాత్రం ప్రతి మరణం తర్వాత కుర్రాడి దూకుడును తిట్టి ఊరుకుంటున్నాం.

2008 జూన్ 21న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఇంగ్లిష్‌టౌన్‌లో డ్రాగ్ రేసు అర్హత పోటీలు జరుగుతున్నాయి. స్కాట్ కలిట్టా నడుపుతున్న కారు ఇంజిన్ గమ్యం దగ్గర పడుతుండగా పేలింది. అప్పటికి వేగం గంటకు సుమారు 480 కిలోమీటర్లు. కారును నిలబెట్టాల్సిన పారాచూట్లు దెబ్బతిన్నాయి. రేసు దారి చివర ఉన్న ఇసుక గుంట కూడా దాన్ని ఆపలేకపోయింది. రెండుసార్లు టాప్ ఫ్యూయల్ చాంపియన్ అయిన కలిట్టా ఆ ప్రమాదంలో మరణించాడు.

రెండు వారాలు తిరగకముందే ఆ పోటీలను నిర్వహించే నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఒక నిర్ణయం తీసుకుంది. అత్యంత వేగవంతమైన రెండు విభాగాల్లో పందెం దూరాన్ని 402 మీటర్ల నుంచి 305 మీటర్లకు తగ్గించింది. పావు మైలు అనేది ఆ క్రీడకు ఆనవాలు లాంటిది. అయినా దాన్ని వదులుకున్నారు. అలా మిగిలిన 97 మీటర్లు ఆగడానికి దక్కాయి.

ఈ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన మన దేశానికి చాలా అవసరం. ప్రమాదం జరిగాక 'ఎవరు తప్పు చేశారు?' అని మాత్రమే అడిగితే జవాబు ఒక మనిషి పేరు దగ్గర ఆగిపోతుంది. 'ఆ తప్పు ప్రాణం తీసేదాకా ఎందుకు వెళ్లింది?' అని కూడా అడిగితే మార్చవలసినవి కనిపిస్తాయి.

మరణాలు నేర్పిన పాఠాలు

డ్రాగ్ రేసు చూడటానికి చాలా తేలికైన ఆట. తిన్నని దారి, పక్కపక్కన రెండు వాహనాలు, ముందు చేరినవాడిదే గెలుపు. కానీ టాప్ ఫ్యూయల్ కారు నైట్రోమీథేన్ ఇంధనంతో దాదాపు 11,000 హార్స్‌పవర్ పుట్టిస్తుంది. నాలుగు సెకన్ల లోపే గంటకు 530 కిలోమీటర్లు దాటుతుంది. అంత శక్తి చేతిలో ఉన్నప్పుడు చిన్న లోపం కూడా చిన్నదిగా మిగలదు.

పాత డ్రాగ్ కార్లలో ఇంజిన్ డ్రైవర్ ముందు ఉండేది. 1970లో డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆయన ఆసుపత్రి నుంచి కొత్త కారు ఆలోచనతో బయటికి వచ్చాడు. ఇంజిన్‌ను డ్రైవర్ వెనక్కి మార్చి, మరుసటి ఏడాది ఆ కారుతోనే పందేలు గెలిచాడు. కొన్నేళ్లలో ఆ విభాగమంతా అదే బాట పట్టింది.

2007 మార్చిలో ఫ్లోరిడా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో ఎరిక్ మెడ్లెన్ కారు పరీక్షా పరుగులో ఉండగా టైరు దెబ్బతిని, కారు విపరీతంగా కంపించింది. తల అటూ ఇటూ కొట్టుకుని మెదడుకు తీవ్ర గాయమైంది. నాలుగు రోజుల తర్వాత ఆయన మరణించాడు. మెదడు పుర్రె లోపల మెత్తని పదార్థంలా ఉంటుంది. తల హఠాత్తుగా దిశ మారితే పుర్రె ముందు కదులుతుంది, మెదడు వెనకబడుతుంది. ఆ లాగుడుకు నాడీ తంతువులు సాగి తెగుతాయి. పుర్రె పగలకపోయినా ప్రాణం పోవచ్చు. ఈ విషయం తెలిశాక ఆయన జట్టు డ్రైవర్ తల చుట్టూ ఉండే ఉక్కు పంజరాన్ని, దాని మెత్తలను కొత్తగా రూపొందించింది.

తలను, మెడను పట్టి ఉంచే 'హాన్స్' పరికరం కథ కూడా ఇలాంటిదే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది, రేసర్ జిమ్ డౌనింగ్ 1980లలోనే దాన్ని తయారు చేశారు. ఏళ్ల తరబడి చాలామంది రేసర్లు అసౌకర్యమంటూ పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరిలో నాస్కార్ దిగ్గజం డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం విరిగి మరణించాక, అదే ఏడాది నాస్కార్ తల-మెడ రక్షణను తప్పనిసరి చేసింది. పరిష్కారం ముందే ఉన్నా, దాన్ని అమలు చేయడానికి ఒక ప్రాణం పోవలసి వచ్చింది.

మన రోడ్ల లెక్క

ఇప్పుడు మన వైపు చూద్దాం. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సీసీ బైక్ ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు ఆయాజుద్దీన్, అతనితో ఉన్న బంధువు ప్రాణాలు కోల్పోయారు. 2017 మే నెలలో జూబ్లీహిల్స్‌లో కారు మెట్రో స్తంభాన్ని ఢీకొని, అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ కుమారుడు నిశిత్, అతని స్నేహితుడు మరణించారు. ఇవి పేరున్న కుటుంబాలు కాబట్టి గుర్తున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో పదింట ఏడు మరణాలను అతివేగం ఖాతాలో రాశారు.

'అతివేగం' అనే ఆ ఒక్క మాటతో దర్యాప్తు ముగిసిపోవడమే అసలు సమస్య. వేగం ఎందుకు ప్రాణం తీస్తుందో చెప్పే భౌతికశాస్త్రం స్కూలు పుస్తకంలోనే ఉంది. వేగం రెట్టింపైతే గతిజ శక్తి నాలుగు రెట్లవుతుంది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న బైకు 60 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి, స్పందించే ఒక సెకనుతో కలిపి, దాదాపు 37 మీటర్లు పడుతుంది. అదే 120లో దాదాపు 115 మీటర్లు. ఎదురుగా గోడ ఉంటే, 60లో ఢీకొనడం నాలుగైదు అంతస్తుల పైనుంచి పడటంతో సమానం. 120లో అయితే పంతొమ్మిది అంతస్తుల పైనుంచి పడినట్టు.

డ్రాగ్ రేసు దారికి చివర ఇసుక గుంట, వల, పక్కన అంబులెన్సు ఉంటాయి. అర్ధరాత్రి నగర రోడ్డు మీద పందెం వేసేవాడికి చివర ఉండేది డివైడర్, లారీ, లేదా డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తున్న మరో మనిషి. ఆ మూడోవాడు పందేనికి ఒప్పుకోలేదు.

ఉక్కు పట్టణానికి తెలిసిన సంగతి

భిలాయి లాంటి ఊరికి ఈ ఆలోచన కొత్త కాదు. ఉక్కు కర్మాగారం పనికోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దలు హెల్మెట్, బూట్లు లేకుండా ప్లాంటు గేటు దాటరు. 2014 జూన్‌లో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు, 2018 అక్టోబరులో గ్యాస్ పైపులైన్ మంటల్లో పదిమందికి పైగా మరణించిన ఊరు అది. అలాంటి చోట 'కార్మికుడు జాగ్రత్తగా లేడు' అనే జవాబుతో ఎవరూ తృప్తిపడరు. వాల్వు ఏమైంది, హెచ్చరిక ఎందుకు అందలేదు అని అడుగుతారు. అదే ప్రశ్న స్మృతి నగర్ కాలనీ నుంచి వెడల్పాటి రోడ్డెక్కే బైకు విషయంలోనూ అడగాలి. తండ్రి డ్యూటీలో పాటించే నియమం కొడుకు బైకు దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందేలకు మొదటిసారి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. కానీ శిక్ష ఒక్కటే రోడ్డును మార్చదు.

'లైసెన్సున్న ట్రాకులు కట్టిస్తే సరిపోతుంది' అనేవారూ ఉన్నారు. అందులో సగం నిజమే ఉంది. 2023లో చెన్నై దగ్గరి సర్క్యూట్‌లోనే జనవరిలో 59 ఏళ్ల కె.ఇ. కుమార్, ఆగస్టులో 13 ఏళ్ల శ్రేయస్ హరీష్ పోటీల్లో మరణించారు. ట్రాకు కూడా ప్రమాదాన్ని పూర్తిగా తీసేయదు. అయితే అక్కడ ప్రమాదాన్ని కొలవవచ్చు, కారణాన్ని వెతకవచ్చు, తర్వాతి పోటీకి ముందే సరిదిద్దవచ్చు. ఆ పని చేసి, ఫలితాన్ని అందరి ముందూ పెట్టినప్పుడే ట్రాకుకు అర్థం ఉంటుంది. 13 ఏళ్ల పిల్లవాడి మరణం నుంచి ఏం నేర్చుకున్నామో దేశంలోని ప్రతి యువ రేసర్ ఇంటికీ తెలియాలి.

కావలసినవి మూడు. ప్రాణం పోయిన ప్రతి వేగ ప్రమాదంలోనూ వాహనం, రోడ్డు, గాయం మూడింటినీ ఇంజినీర్లు, వైద్యులు కలిసి పరిశీలించి నివేదికను బయటపెట్టాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ ప్రమాదాలు జరిగితే ఆ రోడ్డు ఆకృతినే మార్చాలి. ఇంట్లో బైకు కొనే రోజున మైలేజీ, సీసీలతో పాటు ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ గురించీ, ఆగే దూరం గురించీ మాట్లాడాలి. హెల్మెట్ బైకు ప్రమాదాల్లో మరణించే అవకాశాన్ని దాదాపు 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనల సమీక్ష తేల్చింది.

వేగం మీద మోజును ఎవరూ రద్దు చేయలేరు. గంటకు 500 కిలోమీటర్లు దాటే క్రీడ తన ఆనవాలైన పావు మైలునే తగ్గించుకుంది. కొడుకు చేతికి బైకు తాళం ఇచ్చే ఇల్లూ, ఆ రోడ్డు వేసిన ప్రభుత్వమూ ముందుగా ఒక్కటే చూడాలి: అది ఆగడానికి చోటుందా?